బేగం రొకేయా: ఒక కల, ఒక బడి

సంక్రాంతి దాటిన నాటి నుండి మన గుంటూరు, ప్రకాశం సీమల మీదుగా ప్రయాణించేవారికి దారికి రెండు వైపులా కళ్లాల మీద ఆరబోసిన మిరపపండ్లు కనిపిస్తాయి. నల్లరేగడి చేలలో ఒడి నిండా పత్తి నింపుకుంటూ వరుసగా సాగే స్త్రీలు కనిపిస్తారు. దుక్కి దున్నే పనిని ట్రాక్టరు అందుకున్నది. దూది నుండి గింజను వేరుచేసే పనిని జిన్నింగు మిల్లు అందుకున్నది. సరుకును నిలువచేసే పనిని కోల్డు స్టోరేజీలు అందుకున్నవి. కాయ కోసే చేయి, పత్తి తీసే చేయి, ముచ్చికలు త్రుంచే చేయి మాత్రం నేటికీ చాలవరకు స్త్రీ చేయిగానే మిగిలి ఉన్నది. ఆ చేతుల మంటను తగ్గించడానికి యంత్రాలు అంత త్వరగా రాలేదు. ఆ కోతల దినాలలో మా తరగతి గదులలో బాలికల బల్లలు కొన్ని ఖాళీగా ఉండడం మేము ఏటేటా చూస్తున్న సంగతే.

యంత్రం ఎవరి భారాన్ని దించుతుంది, ఎవరి భారాన్ని అట్లే విడిచిపెడుతుంది? యంత్రం వచ్చిన తరువాత స్త్రీ పురుషుల స్థానాలు మారతాయా, మారవా? ఈ ప్రశ్నలు నేటి విజ్ఞానయుగంలో పుట్టినవని చాలామంది భావిస్తారు. కాని నూట ఇరవై ఏండ్ల క్రిందట, గడప దాటి ఎరుగని ఒక ముస్లిం గృహిణి ఈ ప్రశ్నలను తనకు తానే వేసుకొని, సమాధానంగా ఒక కథ వ్రాశారు. ఆ కథ 1905లో అచ్చయినది మన ఉమ్మడి మద్రాసు రాజధానిలోనే. అప్పటికి గుంటూరు జిల్లా ఏర్పడి ఒక్క సంవత్సరమే అయినది. ఆ రచయిత్రి బేగం రొకేయా సఖావత్ హుసేన్. మన ఇళ్లలో రుఖియా అని పిలుచుకునే పేరే బెంగాలీల నోట రొకేయా అయినది. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదువుకునే ఈ కళాశాల పత్రికలో ఆమె జీవితాన్ని స్మరించడం ఎంతైనా ఉచితమని మేము తలచాము.

బాల్యం, దొంగచాటు చదువు

రొకేయా 1880 డిసెంబరు 9వ తేదీన అవిభక్త బెంగాలులోని రంగపూరు జిల్లా పాయిరాబంద్ గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి అబూ అలీ సాబేర్ జమీందారు, పలుభాషలు తెలిసినవాడు. తల్లి రాహతున్నిసా. ఇంట సంపద ఉన్నది, గ్రంథాలున్నవి, పాండిత్యమున్నది. కాని అవన్నీ కుమారుల పాలివి. కుమారులు కలకత్తా వెళ్లి ఆంగ్ల విద్య అభ్యసించారు. కుమార్తెలకు ఖురాను పారాయణానికి చాలినంత అరబ్బీ, కొంత ఉర్దూ మాత్రమే నేర్పారు. తాము పుట్టిన నేల భాష అయిన బెంగాలీని ఆడపిల్లలు చదవడం ఆ కుటుంబాలలో మర్యాద కాదని భావించేవారు.

పర్దా కట్టుబాటు ఆ ఇంట ఎంత తీవ్రంగా ఉండేదంటే, అయిదేండ్ల పసిప్రాయం నుండి రొకేయా పరాయి పురుషుల ఎదుటనే కాక పరాయి స్త్రీల ఎదుట కూడ కనబడరాదు. ఇంటికి అతిథులు వచ్చినప్పుడు ఆ చిన్నారి ఏ మూలగదిలోనో, ఏ మంచం క్రిందనో దాగవలసి వచ్చేది. ఏ దోషమూ చేయకుండానే నేరస్థుని వలె దాగిన ఆ బాల్యస్మృతి ఆమె హృదయంలో చివరివరకు నిలిచిపోయినది.

ఆ చీకటిలో ఆమెకు రెండు దీపాలు దొరికాయి. మొదటిది అక్క కరీమున్నిసా. ఆమె ఎవరికీ తెలియకుండా బెంగాలీ నేర్చుకొని, ఆ సంగతి బయటపడగా చదువు మాని చిన్న వయసులోనే అత్తవారింటికి వెళ్లవలసి వచ్చినది. అయినా చెల్లెలిని బెంగాలీ చదవమని ప్రోత్సహించడం మానలేదు. రెండవది అన్న ఇబ్రహీం సాబేర్. ఇల్లంతా నిద్రించిన తరువాత, కొవ్వొత్తి వెలుతురులో ఆయన చెల్లెలికి ఆంగ్లము, బెంగాలీ నేర్పేవాడు. ఆ ఋణాన్ని రొకేయా మరువలేదు. తరువాతి కాలంలో తన నవల పద్మరాగ్‌ను ఆమె ఆ అన్నకే అంకితమిచ్చారు. ఒక బాలిక చదువుకు ఆ ఇంటి పురుషుడు అడ్డుగోడ కావచ్చు, దివిటీ కావచ్చు అని ఆమె జీవితం మొదటి అధ్యాయమే మనకు చెప్పుచున్నది.

వివాహం

పదునారు, పదునెనిమిది ఏండ్ల నడుమ ఆమెకు సయ్యద్ సఖావత్ హుసేన్‌తో వివాహమయినది. ఆయన బీహారులోని భాగల్‌పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఉర్దూ మాతృభాషగా గలవాడు. మొదటి భార్యను కోల్పోయినవాడు. వయసులో ఆమెకంటె చాల పెద్దవాడు. అటువంటి సంబంధం ఆ బాలికకు మరొక చెరసాల కాదగినదే. కాని సఖావత్ హుసేన్ ఉదారుడు. భార్య ఆంగ్లం అభ్యసించడానికి, వ్రాసినది ప్రకటించడానికి ఆయన తోడ్పడినాడు. స్త్రీ విద్య కొరకు వినియోగించమని తన సంపాదన నుండి పదివేల రూపాయలు ప్రత్యేకించినాడు.

1902 నుండి రొకేయా రచనలు బెంగాలీ పత్రికలలో వెలువడసాగాయి. 1904లో మోతిచూర్ అనే వ్యాససంపుటి ప్రకటితమయినది. అందులోని ఒక వ్యాసంలో ఆమె స్త్రీ పురుషులను బండి చక్రాలతో పోల్చారు. ఒక చక్రం పెద్దది, ఒక చక్రం చిన్నది అయితే ఆ బండి ముందుకు సాగదు. ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది అన్నది ఆమె వాదం. పత్తి బోరాల బండ్లు నడిచిన మన సీమవారికి ఈ ఉపమానం ఎంత సత్యమో వివరించనక్కరలేదు.

సుల్తానా కల

ఒకసారి భర్త ఉద్యోగరీత్యా పర్యటనలో ఉండగా, ఇంట ఒంటరిగా ఉన్న రొకేయా కాలక్షేపానికి ఆంగ్లంలో ఒక కథ వ్రాశారు. దాని పేరు సుల్తానాస్ డ్రీమ్, అనగా సుల్తానా కల. భర్త తిరిగివచ్చి ఆ కాగితాలను నిలువుకాళ్ల మీదనే చదివి ముగించి, పురుషజాతి మీద గట్టి పగ తీర్చుకున్నావని మెచ్చుకున్నాడట.

ఆ కథను 1905లో ప్రచురించినది మద్రాసు నుండి వెలువడుతున్న ది ఇండియన్ లేడీస్ మాగజైన్. ఇచ్చట తెలుగువారు గర్వించదగిన విషయమొకటున్నది. 1901లో ఆ పత్రికను స్థాపించి నడిపిన సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగు ఆడపడుచు. మనకు పొరుగుననే ఉన్న బందరు నోబుల్ కళాశాలలో చదివిన విదుషీమణి. బెంగాలులో పుట్టి బీహారులో కాపురమున్న ఒక ముస్లిం గృహిణి ఆంగ్లంలో వ్రాసిన కథను, మద్రాసులో ఉన్న ఒక తెలుగు క్రైస్తవ మహిళ అచ్చువేసినది. అటువంటి రచనకు ఆదరమిచ్చే చేయి ఒకటి మన తెలుగు స్త్రీది కావడం స్మరణీయం.

కథ ఇది. సుల్తానా అనే స్త్రీ ఒక సాయంకాలం పడకకుర్చీలో కూర్చొని భారతస్త్రీ దుఃస్థితిని తలపోస్తూ నిద్రలోకి జారుకుంటుంది. కలలో ఒక మిత్రురాలు వచ్చి ఆమెను నారీదేశానికి తీసుకొనిపోతుంది. అచ్చట వీధులలో స్త్రీలే సంచరిస్తారు. పురుషులు ఇండ్లలోని మర్దానాలో ఉండి వంట చేస్తారు, పసిబిడ్డలను చూసుకుంటారు. బిడియపడుతూ నడిచే సుల్తానాను చూసి, ఈమె మగవానివలె సిగ్గుపడుచున్నదని అచ్చటివారు నవ్వుతారు.

ఈ తలక్రిందుల లోకం ఎట్లు ఏర్పడినది? ఆ దేశపు రాణి బాలికలందరికీ విద్య నిర్బంధం చేసినది. 21 ఏండ్లు నిండకుండా వివాహం కూడదని శాసించినది. స్త్రీల కొరకు రెండు విశ్వవిద్యాలయాలు వెలసినవి. ఒకటి మేఘాల నుండి నీటిని గొట్టాల ద్వారా గ్రహించే విధానం కనిపెట్టినది. రెండవది సూర్యరశ్మిలోని వేడిని కూడబెట్టే విధానం కనిపెట్టినది. పురుషులు ఈ పరిశోధనలను పరిహసించి సైన్యబలం పెంచుకోవడంలో మునిగిపోయారు. ఇంతలో పొరుగురాజు దండెత్తాడు. దేశపు సైన్యం ఓడిపోయినది. అప్పుడు విశ్వవిద్యాలయపు స్త్రీలు సూర్యుని వేడిని శత్రువుల మీదికి మళ్లించి ఒక్క కత్తి దూయకుండా వారిని పారద్రోలారు. అలసి మర్దానాలో చేరిన పురుషులు అచ్చటనే ఉండిపోయారు.

ఆ దేశంలో వంటింటికి పొగ లేదు; సూర్యుని వేడితోనే వంట. పొలాలను విద్యుత్తుతో దున్నుతారు. ప్రయాణానికి గాలిలో ఎగిరే బండ్లున్నవి. రోజుకు రెండు గంటలు పనిచేస్తే చాలును. పురుషులు అధిక బలవంతులు కదా అని సుల్తానా సందేహిస్తే, సింహం మనిషికంటె బలమైనది, అంతమాత్రాన అది మనిషిని ఏలుచున్నదా అని మిత్రురాలు తిరిగి ప్రశ్నిస్తుంది. కథకు ప్రాణం ఈ వాదంలోనే ఉన్నది. శరీరబలం వల్లనే అధికారమైతే, ఆ బలాన్ని యంత్రం అందరికీ సమానంగా పంచగలిగిన నాడు అధికారానికి ఆధారమేమిటి? రొకేయా వేసిన ప్రశ్న ఇది.

మన సాహిత్యంలోనూ ఇటువంటి తలక్రిందుల లోకం ఉన్నది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంగ్లంలోని గలివరు యాత్రల నుండి స్ఫూర్తి పొంది వ్రాసిన సత్యరాజా పూర్వదేశయాత్రలలో ఆడుమళయాళం అనే దేశాన్ని వర్ణించారు. అచ్చట కూడ స్త్రీలే ఏలికలు. పురుషులు లోగిళ్లలో అణగి ఉండేవారు. పురుషుడు తాను స్త్రీకి విధించిన నియమాలను తానే అనుభవిస్తే ఎట్లుండునో చూపి, పంతులుగారు సంఘాన్ని చురుక్కుమనిపించారు. రొకేయా మరొక అడుగు ముందుకు వేశారు. ఆమె దేశంలో రాజ్యం మారడానికి కారణం మంత్రమో శాపమో కాదు, పాఠశాల, ప్రయోగశాల. విద్య వచ్చినది, విద్య నుండి యంత్రం వచ్చినది, ఆ తరువాతనే వ్యవస్థ మారినది. ఆ వరుస గమనింపదగినది.

శోకం నుండి బడి

కల వ్రాసిన చేతికి జీవితం వరుసగా దుఃఖాలనిచ్చినది. కలిగిన ఇద్దరు ఆడబిడ్డలూ నెలల పసికందులుగానే మరణించారు. భర్తకు మధుమేహం ముదిరి కంటిచూపు పోయినది. ఆయనకు సపర్యలు చేస్తూ, పుస్తకాలు చదివి వినిపిస్తూ ఆమె కాలం గడిపారు. 1909 మే 3వ తేదీన ఆయన కన్నుమూశారు. అప్పటికి రొకేయాకు ముప్పది ఏండ్లు కూడ నిండలేదు.

అయిదు నెలలు తిరుగకుండానే, 1909 అక్టోబరులో, ఆమె భాగల్‌పూరులో భర్త పేరిట బాలికల పాఠశాల తెరిచారు. విద్యార్థినులు అయిదుగురు. కుటుంబంలో ఆస్తి తగాదాలు తలెత్తి ఆమెను ఆ ఊరు విడువజేశాయి. 1911 మార్చి 16వ తేదీన కలకత్తాలోని వలీఉల్లా వీధిలో, ఒక అద్దె ఇంటిలో, ఎనిమిదిమంది బాలికలతో సఖావత్ మెమోరియల్ పాఠశాల మళ్లీ మొదలయినది. తాను ఏనాడూ ఏ బడిలోనూ అడుగుపెట్టి ఎరుగని స్త్రీ ప్రధానోపాధ్యాయురాలయినది. బడి నడిపే విధానం తెలియక, ఆమె నగరంలోని ఇతర బాలికల పాఠశాలలకు వెళ్లి, పాఠం చెప్పే తీరు ఒక శిష్యురాలివలె కూర్చొని గమనించేవారట. ఈ వినయం మన అధ్యాపకులకందరకు ఆదర్శం.

ఆ బడిలో ఉర్దూ బోధనాభాషగా ఉండేది. ఆమె బెంగాలీ కొరకు కూడ పాటుపడ్డారు. ఖురానుతోపాటు ఆంగ్లము, వ్యాయామము, కుట్టుపని, రోగులకు పరిచర్య, వంట నేర్పేవారు. ఆమె ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను బతిమాలి బాలికలను రప్పించవలసి వచ్చేది. 1916లో అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాం అనే మహిళాసంఘాన్ని స్థాపించి, నిరుపేద స్త్రీలకు, వితంతువులకు ఆసరా కల్పించారు. ఇస్లాం మతం స్త్రీకి విద్యను, ఆస్తిహక్కును ప్రసాదించినదని, వాటిని కాలరాచినది ఆచారమే కాని మతం కాదని ఆమె జీవితాంతం వాదించారు. ఆమె స్వయంగా బురఖా ధరించి సభలకు వెళ్లేవారు. ఆమె నిరసించినది దుస్తులను కాదు, మనిషిని మూసిపెట్టడాన్ని.

చీకటి బండి

ఆమె జీవితంలో మమ్ము అన్నిటికంటె కదిలించిన ఘట్టం ఆ పాఠశాల మోటారు బస్సు కథ. బాలికలను తీసుకొనిరావడానికి ఒక మోటారు బస్సు సమకూరినది. పర్దాకు భంగం కలుగరాదని దానిని నాలుగు వైపులా మూసివేశారు. గాలికి ఇరుకైన జాలీలు తప్ప మరేమీ లేవు. మొదటి దినాలలోనే ఆ చీకటిలో, ఆ ఉక్కలో పసిపిల్లలు వాంతులు చేసుకున్నారు, భయపడి ఏడ్చారు, కొందరు సొమ్మసిల్లారు. తల్లులు మొరపెట్టుకోగా, ప్రక్కల తలుపులు తీసి వాటికి తెరలు కట్టించారు. వెంటనే బెదిరింపు లేఖలు వచ్చాయి. గాలికి తెర కదులుచున్నది, బాలికలు బయటికి కనబడుచున్నారు, ఇది సరిదిద్దకపోతే బడి పరువు తీస్తామని వాటి సారాంశం.

కలలో ఎగిరే బండిని నడిపిన రచయిత్రి, మెలకువలో చీకటి బండి ముందు నిలబడవలసి వచ్చినది. రెండూ యంత్రాలే. ఒకటి మనిషిని లోకానికి చూపుతుంది. ఒకటి లోకాన్ని మనిషి నుండి దాస్తుంది. యంత్రంలో గుణం లేదు. దాని కిటికీని ఎవరు తెరుస్తారు, ఎవరు మూస్తారు అన్నదానిలోనే గుణమున్నది.

అవరోధ్‌బాసిని అనే గ్రంథంలో ఆమె ఇటువంటి యథార్థ ఘటనలను గ్రంథస్థం చేశారు. అది 1931లో పుస్తకంగా వెలువడినది. అందులో రైలుస్టేషనులో జరిగిన ఒక ఘటన ఉన్నది. రైలు మారే వేళ ఒక గృహిణి తన బురఖాయే కాళ్లకు అడ్డుపడి పట్టాల మీద పడిపోయినది. లేవదీయడానికి కూలీలు పరుగెత్తి రాగా, పరపురుషులు తాకరాదని వెంట ఉన్న దాసి అడ్డుకున్నది. రైలు కొంతసేపు ఆగి, ఇక ఆగలేక కదిలినది. ఈ కథను రొకేయా ఏ ఆవేశమూ లేకుండ, ఒక నివేదిక వలె వ్రాశారు. అందువల్లనే అది చదువరి హృదయాన్ని అంతగా కలచివేస్తుంది.

యంత్రమే మోక్షమని ఆమె నమ్మలేదు అనడానికి మరొక ఆధారమున్నది. రైతుల దైన్యాన్ని గురించి వ్రాసిన వ్యాసంలో, రైళ్లు, ట్రాములు, మోటార్లు, టెలిఫోనులు వచ్చినవని మురిసిపోతున్నాము గాని అన్నం పండించే రైతు కడుపు నిండినదా అని ఆమె నిలదీశారు. రంగపూరు స్త్రీలు ఇంట వడికే ఎండీ పట్టు పరిశ్రమ, చవుకగా వచ్చిపడిన మిల్లు బట్ట వల్ల క్షీణించిపోయిన తీరును ఆమె విచారంతో వివరించారు. యంత్రం స్త్రీ చేతిలోని కదురును లాగుకొని, ఆ చేతికి మరొక విద్య నేర్పకుండా విడిచిపెట్టినది. పత్తి పండిన మన సీమలోనూ రాట్నాలు మూలబడిన చరిత్ర ఇదే.

ఆమె ఊహ కూడ కాలంతోపాటు ఎదిగినది. 1924లో ప్రకటించిన పద్మరాగ్ నవలలో తారిణీభవనం అనే ఆశ్రమమున్నది. హిందూ, ముస్లిం, బ్రహ్మసమాజ, క్రైస్తవ స్త్రీలు అచ్చట కలిసి జీవిస్తూ బడిని, వైద్యశాలను, వితంతు శరణాలయాన్ని నడుపుతారు. సుల్తానా కలలో స్త్రీల స్వేచ్ఛ పురుషుల బంధనం మీద నిలిచి ఉన్నది. అది వ్యంగ్యం, పురుషునికి అద్దం చూపడం. తారిణీభవనంలో ఎవరినీ ఎవరూ బంధించలేదు. ఒకరిని మూసిపెట్టి మరొకరు వెలుగు చూసే లోకం సంపూర్ణం కాదని ఆమె ఈ రెండవ రచనలో చెప్పకయే చెప్పారు.

ఆకాశయానం, అస్తమయం

1930లో ఆ వృద్ధ ఉపాధ్యాయినికి ఒక అపూర్వ సన్మానం కలిగినది. ఒక ముస్లిం యువ వైమానికుడు ఆమెను విమానంలో ఎక్కించుకొని ఏభై మైళ్లు తిప్పి తెచ్చినాడు. పాతికేండ్ల క్రిందట తాను ఎగిరే బండిని కలగన్నప్పుడు తన దేశంలో విమానమే లేదని, ఆ కల తన కండ్ల ముందే నిజమయినదని ఆమె ఒక వ్యాసంలో సంతోషంగా వ్రాసుకున్నారు. ఆకాశంలో ఎగిరిన ఆ స్త్రీ, నేలకు దిగి మళ్లీ తన బడికే పోయినది. ఎందుచేతనంటే ఎగిరే బండి వచ్చినది గాని, అందులో కూర్చునే అర్హతను బాలికలందరికీ ఇచ్చే చదువు ఇంకా రాలేదు.

1932 డిసెంబరు 9వ తేదీన, తన యాభైరెండవ పుట్టినరోజున, బేగం రొకేయా కలకత్తాలో పరమపదించారు. ముందటి రాత్రి వరకు ఆమె స్త్రీ హక్కులను గురించి ఒక వ్యాసం వ్రాస్తూనే ఉన్నారు. అది అసంపూర్ణంగా నిలిచిపోయినది. ఆమె దేహాన్ని కలకత్తాకు సమీపాన సోదేపూరులో ఖననం చేశారు. ఎనిమిదిమందితో మొదలైన ఆ పాఠశాల ప్రభుత్వ బాలికోన్నత పాఠశాలగా నేటికీ కలకత్తాలో నడుచుచున్నది. డిసెంబరు 9వ తేదీని బంగ్లాదేశ్‌లో రొకేయా దినంగా పాటిస్తారు. 2024లో యునెస్కో సుల్తానా కలను ఆసియా పసిఫిక్ ప్రాంతపు ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చినది.

ఆ కల, మన నేల

1960లో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నాథన్ క్లైన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, రోదసిలో జీవించడానికి వీలుగా యంత్రంతో అనుసంధానించిన మానవ శరీరానికి సైబోర్గ్ అని పేరుపెట్టారు. 1985లో డోనా హారవే అనే అమెరికన్ విదుషి ఆ పేరును తీసుకొని ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశారు. మనిషికి, యంత్రానికి నడుమ గీత చెరిగిపోవుచున్నది. కనుక స్త్రీ ఇట్లే ఉండవలెను, పురుషుడు అట్లే ఉండవలెను అని ప్రకృతి పేరుతో గీసిన గీతలను కూడ తిరిగి పరిశీలించవచ్చును అన్నది ఆమె వాదసారం. ఇది వినడానికి వింతగా ఉన్నా, మన చుట్టూ చూడవచ్చును. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్న పెద్దవారు, జైపూరు పాదంతో నడిచే రైతు, వినికిడి యంత్రంతో పాఠం వినే విద్యార్థి మన మధ్యనే ఉన్నారు. మనిషి అంటే కండబలం గల పురుషుడే అన్న పాత లెక్కను దాటి, ఆ తరువాతి సమాజం ఎట్లుండునో యోచించడాన్నే నేటి పండితులు మానవానంతర సమాజ చింతన అంటున్నారు. ఆ మాట పుట్టకముందే మన దేశంలో దానికి బీజం వేసిన వారిలో రొకేయా ఒకరు అని మేము నమ్ముచున్నాము.

గాలిలో ఎగిరి పైరుకు మందు చల్లే డ్రోనులు నేడు మన మిరప చేలకు కొత్త కావు. 2023లో కేంద్ర ప్రభుత్వం మహిళా స్వయంసహాయక సంఘాలకు డ్రోనులిచ్చి శిక్షణ నిచ్చే పథకాన్ని కూడ ప్రారంభించినది. ఎగిరే బండి పొలం గట్టు దాకా వచ్చినది. దానిని నడిపేవారు ఎవరు, దాని క్రింద వంగి కాయ కోసేవారు ఎవరు అన్న ప్రశ్న మాత్రం అట్లే ఉన్నది. ప్రతి విద్యార్థిని చేతికీ నేడు ఒక చిన్న యంత్రం అందుబాటులోకి వచ్చుచున్నది. ఆ సెల్‌ఫోను ఒక ఇంట గ్రంథాలయమవుతుంది. మరొక ఇంట ఆమె మీద నిఘా పెట్టే చీకటి బండి అవుతుంది.

కనుక మా విన్నపం రెండు మాటలలో చెబుతాము. కళాశాల కమిటీ పెద్దలకు: కోతల దినాలలో తరగతికి రాలేకపోయిన బాలికలకు ఆ పాఠాలు తిరిగి చెప్పే ఏర్పాటు చేయండి, ప్రయోగశాలలోనూ, కంప్యూటరు గదిలోనూ వారికి సరిసమానమైన వేళ కేటాయించండి. సోదర విద్యార్థులకు: ఇబ్రహీం సాబేర్ పట్టిన కొవ్వొత్తిని మీరు కూడ పట్టండి. మీ ఇంట చదువు మానబోతున్న చెల్లెలు ఉంటే, ఆమె పక్షాన తండ్రిగారితో ఒక మాట చెప్పండి.

సుల్తానా కల చివర ఆమె మేలుకుంటుంది. పడకకుర్చీలోనే ఉన్నానని తెలుసుకుంటుంది. రొకేయా మాత్రం మేలుకొని కుర్చీలో కూర్చోలేదు. లేచి వెళ్లి ఎనిమిదిమంది బాలికలకు తలుపు తెరిచారు. కల కన్నవారందరినీ లోకం గుర్తుంచుకోదు. కల నుండి లేచి బడి తెరిచినవారిని మాత్రం మరువదు.